కంచె మేడం చెప్పులు

సర్వర్ గది గుమ్మం పక్కన ఒక జత చెప్పులున్నాయి. గోధుమరంగు పట్టీలు. ఎడమ చెప్పుకు బొటనవేలి దగ్గర కుట్టు ఊడితే నల్లదారంతో మళ్ళీ కుట్టించారు. దుమ్ము పోకూడదని ఆ గదిలోకి ఎవరు వెళ్ళినా చెప్పులు బయట విడవాలి. నిన్న పొద్దున వాటిని అక్కడ విడిచి లోపలికి వెళ్ళిన మనిషి మళ్ళీ వాటిలో కాళ్ళు పెట్టలేదు. ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య, వట్టి కాళ్ళతో, ఆఫీసంతా చూస్తుండగా మెట్లు దిగి జీపెక్కింది. ఎక్కించిన ఘనత మన భూతద్దానిది.

భూతద్దం అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. చిన్న ఆధారం దొరికితే చాలు, దాన్ని కొండంత చేసి చూస్తాడని పోలీసు శాఖలో ఎవరో పెట్టిన పేరు అది. మెచ్చుకోలుగా పెట్టారో వెక్కిరింతగా పెట్టారో ఆయన ఏనాడూ విచారించలేదు. డిటెక్టివ్ కదా, తనకు అనుకూలమైన సంగతి మీద విచారణ దేనికి? ఇవాళ ఆ చెప్పుల ముందు నిలబడ్డాక మొదటిసారి అనుమానం వచ్చింది.

వంగి వాటిని చేత్తో తీసుకున్నాడు. కాఫీ కప్పులతో వస్తున్న గుమాస్తా ఒకాయన చూసీ చూడనట్టు పక్కకు తప్పుకున్నాడు. ఒక సంచీ అడుగుదామనిపించింది, మళ్ళీ వద్దనుకున్నాడు. ఆమె దిగిన మెట్ల మీదుగానే, చెప్పులు చేత్తో పట్టుకుని తనూ దిగాడు.

జరిగింది ఇది. ఆ ఆఫీసు పని సాక్షులను దాచడం. కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన మనిషిని, చెప్పేదాకా ఎవరికీ తెలియని ఇంట్లో ఉంచుతారు. ఇప్పుడు దాస్తున్నది ఒక నర్సును. తన వార్డులో ఒక రోగి ప్రాణం తీస్తుంటే ఆమె కళ్ళారా చూసింది. తీయించినవాడు మనుషుల బలం దండిగా ఉన్నవాడు. రేపే కోర్టు. ఆమెను దాచిన మొదటి ఇంటికి మొన్న పొద్దున ఎవరో వచ్చి తలుపు పగలగొట్టారు. స్నానాల గది కిటికీలోంచి దూకి ఆమె బతికిపోయింది. ఆ చిరునామా ఆఫీసు కంప్యూటర్లో ఒక్క ఫైలులో తప్ప ఎక్కడా లేదు. భూతద్దాన్ని పిలిపించారు. ఆయన ఒక్కరోజులో దొంగను పట్టేశాడు. పట్టేశాననుకున్నాడు. నిన్న సాయంత్రం నర్సును రెండో ఇంటికి మార్చారు, ఇవాళ పొద్దున అక్కడికీ వచ్చారు. కాపలా పోలీసు తుపాకీ పేల్చబట్టి సరిపోయింది. దొంగ అనుకున్న మనిషి మాత్రం రాత్రంతా స్టేషన్లో బల్ల మీద కూర్చునే ఉంది.

ఆమె ఇప్పుడూ ఆ బల్ల మీదే ఉంది. నేల చల్లగా ఉందని కాళ్ళు పైకి ముడుచుకుని, చీర కుచ్చిళ్ళతో పాదాలు కప్పుకుంది. భూతద్దం దారి పొడుగునా పేర్చుకొచ్చిన మాటలన్నీ గుమ్మం దగ్గరే మర్చిపోయాడు. వంగి చెప్పులు బల్ల కింద పెట్టాడు.

"పొరపాటు జరిగింది మేడం."

"జరిగిందా, చేశారా?"

"చేశాను."

"నిన్న మీటింగులో ఎంతమంది ఉన్నారు డిటెక్టివ్ గారూ?"

"ఇరవైమంది దాకా."

"ఇప్పుడు?"

ఆయన తలుపు దగ్గర నిలబడ్డ మహిళా కానిస్టేబుల్ వైపు చూశాడు. ఆవిడ గోడ వైపు చూసింది. నిన్న ఇరవైమంది ముందు తెరమీద బొమ్మలు చూపిస్తూ, మధ్యమధ్య ఛలోక్తులు విసురుతూ నిరూపించిన నేరాన్ని ఇవాళ నాలుగు గోడల మధ్య గుసగుసగా వెనక్కి తీసుకుందామని వచ్చాడు. ఆ సంగతి ఆమె ఒక్క ప్రశ్నతో బయట పెట్టేసరికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అందరి ముందూ చెప్తాను," అన్నాడు. "మాటిస్తున్నాను. కానీ ముందు మీ సాయం కావాలి. నర్సును మూడో ఇంటికి మార్చారు. మధ్యాహ్నం ఆ చిరునామా కంప్యూటర్లో ఎక్కించారు."

"ఇంత జరిగాక మళ్ళీ ఎందుకెక్కించారు?"

"రేపు కోర్టుకు తీసుకెళ్ళే వ్యాన్ వాళ్ళు దాంట్లోంచే చూసుకోవాలట. రూలు."

ఆమె కళ్ళు మూసుకుంది. "ఆ రూలు రాసింది నేనే."

ఆ ఆఫీసు కంప్యూటర్లను చూసుకునేది ఆమే. కంచె మేడం అనే పేరు ఊరికే రాలేదు. పెద్ద కంప్యూటర్ మీద బయటి ప్రపంచంతో మాట్లాడే సర్వీసులు చాలా నడుస్తుంటాయి. ఉత్తరాలు అందుకునేది ఒకటి, ఆఫీసు వెబ్ పేజీ చూపించేది ఒకటి, గడియారం సరిచేసేది ఇంకొకటి. వాటిలో ఏదో ఒకదాంట్లో ఎవడో ఒకడు ఎప్పుడో ఒకప్పుడు దూరతాడని ఆమె గట్టి నమ్మకం. అందుకే ఒక్కో సర్వీసు చుట్టూ ఒక్కో కంచె కట్టింది. ప్రతి ఫైలుకూ ఒక లేబుల్ ఉంటుంది. ఏ సర్వీసు ఏ లేబుల్ ఉన్నదాన్ని ముట్టవచ్చో రాసి పెట్టి ఉంటుంది. రాయనిది ఏదైనా కుదరదు. దూరినవాడు కంప్యూటర్ మీద సర్వాధికారాలూ సంపాదించినా సరే, కంచె దాటలేడు. ఉత్తరాల సర్వీసులో దూరితే ఉత్తరాలు చదువుకుంటూ కూర్చోవాల్సిందే.

"నన్ను ఏం చూసి పట్టుకున్నారో మళ్ళీ చెప్పండి," అంది. "నిన్న మీరు చెప్తుంటే నా చెవులకెక్కలేదు."

భూతద్దం చెప్పాడు. నిన్న ఎంత హుషారుగా చెప్పాడో ఇవాళ అంత నీరసంగా. వెబ్ సర్వీసు ఫోల్డర్లో సాక్షి చిరునామా ఫైలు నకలు ఒకటి దొరికింది. అసలు ఫైలును అక్కడికి జరిపి ఉంటే పాత లేబులే ఉండేది. కాపీ చేస్తే కొత్త చోటి లేబుల్ పడుతుంది. ఆ నకలు మీద వెబ్ లేబుల్ ఉంది, అంటే ఎవరో కాపీ చేశారు. సాక్షి ఫైలును చదివి, వెబ్ ఫోల్డర్లో రాయగల అధికారం ఉన్నది ఆమె ఒక్కరికే. ఈ లేబుళ్ళ సంగతి ఆయనకు మొన్ననే తెలిసింది. కొత్తగా సైకిల్ నేర్చుకున్నవాడిలా నిన్న అదేపనిగా తొక్కాడు.

"లేబుల్ చూశారు, బాగుంది. ఆ నకలు ఎవరి పేరు మీద ఉందో చూశారా? లేబుల్‌కి ఎడమపక్కనే ఉంటుంది."

ఆయన ఫోన్ తీశాడు. నిన్న తెర మీద చూపించిన బొమ్మ అందులో ఉంది. వెనక వరుసలో వాళ్ళకు కూడా లేబుల్ పెద్దగా కనిపించాలని చుట్టుపక్కలంతా కత్తిరించి పెంచిన బొమ్మ. దాని కింద కత్తిరించని అసలు బొమ్మ కూడా ఉంది. వేళ్ళతో సాగదీసి చూశాడు. నకలు యజమాని పేరు ఉండాల్సిన చోట ఆమె పేరు లేదు. వెబ్ సర్వీసు పేరు ఉంది.

"నేను కాపీ చేస్తే నా పేరు పడేది," అంది ఆమె నెమ్మదిగా. "అది వెబ్ సర్వీసు తనంతట తాను చేసుకున్న కాపీ. అంటే బయటివాడు దాంట్లో దూరి చేయించాడు."

ఒక మనిషి నిర్దోషి అనే ముక్క నిన్న పొద్దున్నుంచీ ఆయన జేబులోనే ఉంది. కత్తిరించింది తనే. తప్పు చేయడం వేరు, తప్పును అందంగా అలంకరించి తెర మీద వేయడం వేరు. క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది.

అయినా బుర్ర పనిచేయడం మానలేదు. "ఒక సంగతి మేడం. మొదటి ఇంటి చిరునామా సాయంత్రం ఎక్కించారు. వాళ్ళు మర్నాడు పొద్దున వచ్చారు. రెండోదీ అంతే, సాయంత్రం ఎక్కిస్తే పొద్దున. చీకట్లో రాకుండా తెల్లారేదాకా ఎందుకు ఆగారు? ఇలాంటి పనులకు చీకటే కదా కావాలి."

ఆమె కాళ్ళు కిందికి దించింది. "ఆగలేదు. అప్పటిదాకా చదవలేకపోయారు. ప్రతి కొత్త చిరునామాకీ నేను కొత్త లేబుల్ పెట్టిస్తాను. వెబ్ సర్వీసు దాన్ని ముట్టడానికి వీల్లేదు. సాయంత్రం కంచె ఆపింది. తెల్లారేసరికి ఎందుకో ఆపలేదు."

"రాత్రికి రాత్రి కంచెలో సందు పడుతోందన్నమాట."

"నాకు తెలియకుండా."

ఆమె లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. మహిళా కానిస్టేబుల్ ఒక కవరు తెచ్చి ఆమె ఫోనూ, గడియారమూ అప్పగించింది. ఫోన్ చచ్చిపోయి ఉంది.

"ఇంట్లో ఎవరున్నారు?" అడిగాడు భూతద్దం.

"అత్తయ్య, మా పాప. మావారు ఓడ మీద పనికెళ్ళారు. నిన్న ఇక్కడి ఫోన్ నుంచే చేశాను. ఆఫీసులో పనెక్కువగా ఉంది, రేపటిదాకా రానని చెప్పాను." ఆమె కవరు మడతపెట్టింది. "స్టేషన్లో ఉన్నానని చెప్పడానికి నోరు రాలేదండీ. తప్పు చేయకపోయినా రాలేదు."

భూతద్దం ముందు నడిచి తలుపు తీసి పట్టుకున్నాడు.

* * *

సర్వర్ గది ముందు తోడల్లుడు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

భూతద్దం భార్య చెల్లెలి మొగుడు. కంప్యూటర్ల భద్రత చూసే సొంత కంపెనీ ఉంది. ఈ ఆఫీసు కాంట్రాక్టు కూడా అతనిదే. మామగారు ఇద్దరు అల్లుళ్ళనూ భోజనాల బల్ల దగ్గర పక్కపక్కన కూర్చోబెట్టుకుని ఒకడి సంగతులు రెండోవాడికి వినిపించే మనిషి. పదేళ్ళుగా పెద్దల్లుడికి వినిపిస్తున్నవన్నీ చిన్నల్లుడి విజయాలే.

"ఎక్కడికన్నయ్యా, ముద్దాయిని వెంటబెట్టుకుని?"

"ముద్దాయి కాదు. తప్పుకో తమ్ముడూ."

"నిన్న నువ్వే కదా నిరూపించావు. నేను చప్పట్లు కూడా కొట్టాను. ఇవాళ ఆవిణ్ణే తీసుకెళ్ళి సర్వర్ ముందు కూర్చోబెడతావా? నా కంపెనీ చూసుకుంటుందిలే, నువ్వు పోయి పడుకో. రాత్రి నిద్రపోయినట్టు లేవు."

"ఈ గది గురించి ఆవిడకు తెలిసినంత నీకూ నాకూ తెలియదు."

"రోజుకొకరిని పట్టుకుని రోజుకొకరిని వదిలేస్తుంటే మామగారికి ఏం చెప్పమంటావు? పెద్దల్లుడు ఇంకా నేర్చుకుంటున్నాడు, నేర్చుకోనీయండి అని చెప్పనా?"

మాటలు పెద్దవయ్యేసరికి వరండాలోకి జనం వచ్చారు. డైరెక్టర్, గుమాస్తాలు, కాఫీ కప్పులాయన. నిన్నటి ఇరవైమందిలో చాలామంది అక్కడే ఉన్నారు. కంచె మేడం మాత్రం నేల మీద ఎక్కడో చూపు నిలిపి నిలబడింది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి ఇంతకంటే మంచి సమయం రాదని భూతద్దానికి అర్థమైంది. ఇంతకంటే కష్టమైనది కూడా రాదు.

"అందరూ ఒక్క నిమిషం వినండి," అన్నాడు. "నిన్న నేను చెప్పింది తప్పు. ఈవిడ ఏ తప్పూ చేయలేదు. ఆధారంలో సగం కత్తిరించి మీకు చూపించాను. ఆ సగంలోనే ఈవిడ నిర్దోషి అని ఉంది. కావాలని కాదు, కానీ చేసింది నేనే."

నిన్న హాలంతా మోగిన గొంతు ఇవాళ మూడో వరుసకు కూడా చేరినట్టు లేదు. "ఏమంటున్నాడు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. భూతద్దం మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి ఇంకా కష్టంగా ఉంది. డైరెక్టర్ దగ్గి, తలుపు తీయమని సైగ చేశాడు.

ముగ్గురూ చెప్పులూ బూట్లూ విడిచారు. భూతద్దం మేజోడులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది. తోడల్లుడు అది చూశాడు గానీ, ఎందుకో ఏమీ అనలేదు. అతని కళ్ళు కంప్యూటర్ మీదున్నాయి.

కంచె మేడం ఫోన్ చార్జింగ్‌కు పెట్టి కూర్చుంది. తెర మీద కంచెలన్నీ వరసగా తెప్పించింది. వేలితో చూపిస్తూ పైనుంచి కిందికి దిగింది.

"ఇది నాది. ఇది నాది. ఇదీ నాదే." వేలు ఆగింది. "ఇది నాది కాదు."

అక్కడి నుంచి కిందంతా ఆమెవి కాదు. పదుల కొద్దీ చిన్నచిన్న అనుమతులు. అన్నీ తెల్లవారుజామున పుట్టినవే. వాటిలో చివరిది ఇవాళ పొద్దుటిది. వెబ్ సర్వీసు రెండో ఇంటి చిరునామా లేబుల్‌ను చదవవచ్చు అని ఉంది అందులో.

"ఎవరు రాశారు?" అన్నాడు భూతద్దం.

"మనిషి రాసింది కాదు." ఆమె ఇంకాస్త వెతికింది. రోజూ తెల్లవారుజామున తనంతట తాను లేచి పనిచేసే చిన్న ప్రోగ్రాం ఒకటి బయటపడింది. దాని మొదటి వరసలో తయారుచేసిన కంపెనీ పేరుంది. ముగ్గురూ చదివారు. చదివాక ఇద్దరు తిరిగి మూడోవాడి వైపు చూశారు.

"అదొక హెల్పర్," అన్నాడు తోడల్లుడు. "కంచె ఎవరినైనా ఆపినప్పుడల్లా ఒక ఫిర్యాదు వచ్చేది. అది తెరుచుకోవట్లేదు, ఇది తెరుచుకోవట్లేదని డైరెక్టర్ గారికి రోజంతా ఇదే గోల. తగ్గించమన్నారు. ఈ ప్రోగ్రాం రోజూ ఫిర్యాదులన్నీ చూసి, దేన్ని ఆపారో దానికి అనుమతి రాసేస్తుంది. చాలాచోట్ల ఇలాగే చేస్తారన్నయ్యా. ఇందులో కొత్తేం లేదు."

"ఫిర్యాదును ఎవరు చదువుతారు?" అంది కంచె మేడం.

"చదవడానికి మనిషెక్కడున్నాడు మేడం? అందుకే కదా హెల్పర్."

"కాపలావాడు ఒకణ్ణి గుమ్మంలో ఆపాడనుకోండి. ఫలానావాడు వచ్చాడు, రానివ్వలేదని చెప్తాడు. మీ హెల్పర్ పొద్దున్నే వచ్చి, పాపం రానివ్వలేదట, ఇవాళ్టి నుంచి రానివ్వండి అని ఆర్డరేస్తోంది. దొంగ చేయాల్సింది ఒక్కటే. సాయంత్రం వచ్చి తలుపు తట్టి పోవడం. తెల్లారేసరికి తలుపు తీసి ఉంటుంది."

తోడల్లుడి ముఖం పాలిపోయింది. మనిషి దుర్మార్గుడు కాదు. చేతకానివాడూ కాదు. పని తొందరగా అయిపోవాలనుకునేవాడు, అంతే. "నర్సు..." అన్నాడు.

"తప్పు మీదొక్కరిదే కాదు," అంది ఆమె. "కొన్ని నెలలుగా నాకు ఫిర్యాదులు రావట్లేదు. నా కంచెలు అంత బాగా కుదిరాయనుకుని మురిసిపోయాను. ఒక్కసారి కూడా ఎందుకు రావట్లేదని చూడలేదు."

పదేళ్ళుగా భూతద్దం ఎదురుచూస్తున్న ఘడియ ఇది. తోడల్లుడు కాళ్ళకు బూట్లు లేకుండా, నోట్లో మాట లేకుండా ఎదురుగా నిలబడి ఉన్నాడు. మామగారికి చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ నోరు తెరవబోతే ఆ కత్తిరించిన బొమ్మే గుర్తొచ్చింది. వీడు చదవకుండా సరే అన్నాడు, నేను చదవకుండా దొంగ అన్నాను. ఏ మాత్రం తేడా? వచ్చిన మాటను అలాగే మింగేశాడు.

ఆమె హెల్పర్‌ను ఆపింది. అది రాసిన అనుమతులన్నీ ఒక్కొక్కటిగా చదివి తీసేసింది. చదవకుండా ఒక్కటీ తీయలేదు. అయ్యాక ఫిర్యాదులు మళ్ళీ తెర మీద కనిపించేలా పెట్టింది.

పెట్టగానే మొదలైంది. వెబ్ సర్వీసు మూడో ఇంటి లేబుల్ చదవబోయింది, ఆపాము. మళ్ళీ చదవబోయింది, ఆపాము. మళ్ళీ. వరస మీద వరస.

"వాడే," అంది. "మధ్యాహ్నం నుంచీ తడుతూనే ఉన్నాడు. మనం చూడకపోయి ఉంటే రేపు తెల్లారేసరికి దొరికిపోయేది. ఇక దొరకదు."

తోడల్లుడు గోడకు చేరబడి ఊపిరి వదిలాడు. భూతద్దానికి కూడా నిన్నటి నుంచి ఇప్పుడే కాస్త ఊపిరాడింది. నర్సు రేపు కోర్టుకు చేరుతుంది. ఈవిడ ఇంటికెళ్తుంది. తను ఎలాగో ఒకలా ఈ సిగ్గుతోనే బతుకుతాడు.

ఉన్నట్టుండి వరసలు ఆగిపోయాయి.

కంచె మేడం కాసేపు చూసింది. కొత్త వరస రాలేదు. "ఎందుకాపాడు?"

"విసుగెత్తి ఉంటుంది," అన్నాడు తోడల్లుడు.

"మధ్యాహ్నం నుంచి రాని విసుగు ఇప్పుడెందుకొస్తుంది?" అన్నాడు భూతద్దం. "వేరే దారి దొరికి ఉండాలి."

"కంచెలో సందు లేదు. నేను చూశాను." ఆమె ఆలోచించింది. "ఆపినవాటికే ఫిర్యాదు వస్తుంది. ఆపనివాటికి రాదు. వెబ్ సర్వీసు ఫోల్డర్లో ఉన్నవాటిని వాడు హాయిగా చదువుకోవచ్చు. దాంట్లో ఏముందో చూద్దాం."

ఫోల్డర్ తెరిచింది. ఆఫీసు బొమ్మలు, సెలవుల పట్టిక, ఫోన్ నంబర్లు. అన్నింటికంటే కొత్తది ఒకటి చివర్లో ఉంది. నిన్న సాయంత్రం పెట్టింది. గంట క్రితం ఎవరో చదివింది. దాని పేరును భూతద్దం రెండుసార్లు చదివాడు.

అది ఆయన దర్యాప్తు నివేదిక.

రాసుకున్నది దర్యాప్తు ఫోల్డర్లోనే. దాని లేబుల్‌ను వెబ్ సర్వీసు ముట్టడానికి వీల్లేదు. కానీ మీటింగుకు రాలేకపోయినవాళ్ళు కూడా ఇంటి నుంచి చదువుకుంటే బాగుంటుందని డైరెక్టర్ అన్నాడు. బాగుంటుందని భూతద్దానికీ అనిపించింది, బాగా అనిపించింది. విచారణ కోసం ఇచ్చిన అధికారంతో తనే దాన్ని వెబ్ ఫోల్డర్లోకి చేర్చాడు. జరపలేదు, కాపీ చేశాడు. జరిపి ఉంటే పాత లేబుల్ ఉండేది, పేజీ తెరుచుకునేదే కాదు, ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. కాపీ చేస్తే కొత్త చోటి లేబుల్ పడుతుందని నిన్న పొద్దున ఇరవైమందికి పాఠం చెప్పి, ఒక మనిషిని జీపెక్కించి, సాయంత్రానికి తనే మర్చిపోయాడు.

ఆమె నివేదిక తెరిచి చదివింది. పైకి చదవలేదు. భూతద్దానికి అవసరం లేదు, రాసింది తనే కదా. ముద్దాయి ఇంటి చిరునామా. ఇంట్లో ఉండేవారు, అత్తగారు, ఆరేళ్ళ కూతురు. ఆ కింద ఆయన ముచ్చటపడి రాసిన వాక్యం. ఈ కంచెలన్నింటినీ తీయగలిగింది ఈ లోకంలో ఈమె ఒక్కరే.

ఆమె ఆయన వైపు చూడలేదు. తిట్టలేదు కూడా. చార్జింగ్‌లో ఉన్న ఫోన్ తీసి నంబర్ నొక్కింది. బల్ల మీద పెట్టి స్పీకర్ వేసింది. చాలాసేపు మోగాక ఎత్తారు.

"అత్తయ్యా, నేను."

"చెప్పు అమ్మాయీ. పని ఇంకా కాలేదా?" పెద్దావిడ గొంతు నిదానంగా ఉంది.

"తలుపు వేసే ఉందా?"

"ఇప్పుడే తీశా. మీ ఆఫీసాయన వచ్చాడు. నీకు ఇవాళ కూడా రావడం కుదరదటగా. పాపను ఒకసారి నీ దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తానంటున్నాడు. ఎవరో డిటెక్టివ్ గారు కారు పంపించారట. మంచివాళ్ళమ్మా మీ ఆఫీసు వాళ్ళు. పాపను తయారుచేస్తున్నా. గౌను వేశా. ఒక చెప్పు కనపడట్లేదు, దాని కోసం ఇల్లంతా వెతుకుతున్నాం."

ఆఫీసులో పని అని అబద్ధం చెప్పకపోతే ఆ పెద్దావిడ తలుపు తీసేది కాదు. ఆ అబద్ధం చెప్పించింది ఎవరో గదిలో అందరికీ తెలుసు.

భూతద్దం తోడల్లుడి వైపు చూసి తెర మీది చిరునామా చూపించాడు. అతను మారుమాట్లాడకుండా, బూట్లు కూడా వేసుకోకుండా పోలీసు జీపు కోసం మెట్ల వైపు పరుగెత్తాడు. ఆ మెట్లు దిగడం, ఆ ఇంటికి చేరడం, ఇవేవీ ఒక్క నిమిషంలో అయ్యే పనులు కావు.

కంచె మేడం ఫోన్ తీసి ఆయన ముందుకు చాపింది.

"మీరు పంపారట," అంది. "మీరే మాట్లాడండి."

అవతల ఆ మనిషి పక్కనే నిలబడి వింటూ ఉంటాడు. ఒక్క మాట తేడాగా వినిపిస్తే చెప్పు కోసం ఆగడు, పిల్లను ఎత్తుకుని పోతాడు. భూతద్దం ఫోన్ అందుకున్నాడు. పొద్దున్నుంచి ఎటు పోయిందో తెలియని గొంతును ఎక్కడి నుంచో వెతికి తెచ్చుకున్నాడు.

"అమ్మా, నేను డిటెక్టివ్‌ని. కారు పంపింది నేనే. తొందరేం లేదు. ఆయన్ని కూర్చోమనండి, కాస్త కాఫీ ఇవ్వండి. పాప చెప్పు నిదానంగా వెతకండి. వట్టి కాళ్ళతో మాత్రం పంపకండమ్మా."

"అలాగే బాబూ," అంది పెద్దావిడ. అంతలో వెనక నుంచి పాప గొంతు ఏదో చెప్పింది. పెద్దావిడ నవ్వింది.

"దొరికిందట బాబూ. గుమ్మం పక్కనే ఉందట."